ఎంత దగ్గరుంటే తాకినట్టు? ప్రొటీన్లలో కాంటాక్టుల లెక్క వెనక కథ

ఒకే ప్రొటీన్ నిర్మాణాన్ని రెండు ప్రోగ్రాములకు ఇచ్చి, ఇందులో ఏ అమైనో ఆమ్లం దేన్ని తాకుతోందో చెప్పమంటే తరచుగా రెండు వేర్వేరు జాబితాలు వస్తాయి. ఒకటి 8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు) లోపు ఉంటే తాకినట్టే అంటుంది, ఇంకొకటి 4.5 దాటితే ఒప్పుకోదు. ఒకటి ప్రతి అమైనో ఆమ్లంలో ఒక్క పరమాణువునే చూస్తుంది, మరొకటి అన్నింటినీ కొలుస్తుంది. కొత్తగా ఈ పనిలో దిగిన విద్యార్థికి ఏదో ఒక ప్రోగ్రాములో తప్పు ఉందనిపిస్తుంది. నిజానికి నిర్మాణం ఫైల్లో ప్రధానంగా ఉండేవి పరమాణువుల స్థానాలే. కాంటాక్టు అని దాంట్లో ఎక్కడా రాసి ఉండదు. గీత ఎక్కడ గియ్యాలన్నది మనుషులు తేల్చుకున్న విషయం, అదీ ఒక్కో కాలంలో ఒక్కో అవసరం కొద్దీ.

అసలు ఈ లెక్క ఎందుకు? ప్రొటీన్ పొడవాటి గొలుసు. అది మడత పడ్డాక, గొలుసులో 10వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లం 90వ దాని పక్కకు చేరవచ్చు. మడతను నిలబెట్టేవి ఇలాంటి దూరపు చుట్టరికాలే. రిబోన్యూక్లియేస్ అనే 124 అమైనో ఆమ్లాల ఎంజైమును రసాయనాలతో విప్పేసినా, ఆ రసాయనాలను తీసేస్తే తనంతట తనే పాత ఆకారానికి మడత పడుతుందని క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ బృందం 1960ల మొదట్లో చూపించింది. అంటే ఎవరు ఎవరి పక్కన చేరాలో ఆ గొలుసుకే తెలుసు. ఒక్క కొత్త కాంటాక్టు ఎంత చెరుపు చెయ్యగలదో సికిల్ సెల్ జబ్బు చెబుతుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. ఆ వాలీన్ పక్కనున్న మరో హిమోగ్లోబిన్ అణువులో 85వ ఫినైల్ అలనీన్, 88వ ల్యూసీన్ కలిసి ఏర్పరచిన గుంటలో అతుక్కుంటుంది. అలా అణువుకు అణువు అంటుకుంటూ పోయి పొడవాటి పోగులవుతాయి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది.

దూరాల మీద తగువు మాత్రం ప్రొటీన్ల పూర్తి నిర్మాణాలు బయటికి రాకముందే మొదలైంది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చర్మంలో, ఎముకల్లో ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు, మరుసటి ఏడు దాన్ని సవరించి మూడు పేటలూ మెలిపడి ఉంటాయన్నారు. ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ దానికి అభ్యంతరం చెప్పారు. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయన్నది వాళ్ల వాదనలో ఒక ముఖ్యాంశం. సరే, ఉండకూడనంత అంటే ఎంత? ఆ రోజుల్లో దానికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. రామచంద్రన్ బృందం అప్పటికి అచ్చయిన స్ఫటిక నిర్మాణాలను తిరగేసి, బంధం లేని రెండు పరమాణువులు నిజంగా ఎంత దగ్గరికి వస్తున్నాయో పోగు చేసింది. ప్రతి జతకూ రెండు అంకెలు పెట్టుకున్నారు: మామూలు హద్దు ఒకటి, గత్యంతరం లేనప్పుడు సహించే హద్దు ఇంకొకటి. కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య 3.2, మరీ బిగిస్తే 3.0 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ పట్టికను పట్టుకుని గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో లెక్క కడితే వచ్చిందే 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఆయన ప్రచురించిన పటం. ఇవాళ్టి పాఠ్యపుస్తకాల్లో అది కోణాల పటంగానే కనబడుతుంది. దాని పునాది మాత్రం కాంటాక్టు దూరాల పట్టికే. వ్యక్తిగతంగా నాకు ఆ పటం కంటే ఆ పట్టికే పెద్ద పని అనిపిస్తుంది.

ఇక్కడ హద్దు అంటే ఇంతకన్నా దగ్గరికి రాకూడదని. తర్వాతి తరం అడిగింది దీనికి తిరగేసిన ప్రశ్న: ఎంత దూరం వరకు తాకినట్టే లెక్క?

1960లో జాన్ కెండ్రూ బృందం కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ను 2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూడగలిగింది. 153 అమైనో ఆమ్లాలు, అంటే 11,628 జతలు. ఇన్ని దూరాలను కంటితో చదవడం ఎలా? 1970ల మొదట్లో దూరాల పటాలు వాడుకలోకి వచ్చాయి. అడ్డంగా, నిలువుగా గొలుసు వరసను పెట్టి, దగ్గరగా ఉన్న జతల దగ్గర చుక్క పెడితే కాంటాక్ట్ మ్యాప్ అవుతుంది. ఆల్ఫా హెలిక్స్ (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న భాగం) కర్ణరేఖను ఒరుసుకుని మందపాటి గీతలా వస్తుంది, ఎందుకంటే అందులో ప్రతి అమైనో ఆమ్లానికీ నాలుగు స్థానాల అవతలిది దగ్గర. ఎదురెదురు దిక్కుల్లో నడిచే బీటా పోగులు (గొలుసు చాపుకుని ఉన్న భాగాలు) కర్ణరేఖకు అడ్డంగా గీత గీస్తాయి, ఒకే దిక్కున నడిచేవి దానికి సమాంతరంగా కాస్త ఎడంగా గీస్తాయి. అలవాటైన కంటికి మడత మొత్తం ఆ చదరంలోనే తెలిసిపోతుంది. అణువును ఎటు తిప్పినా పటం మారదన్నది ఇంకో సౌకర్యం.

ప్రతి అమైనో ఆమ్లాన్నీ ఒక్క చుక్కగా చూసే అలవాటు అప్పుడే స్థిరపడింది. కంప్యూటర్ల శక్తి కొద్దిపాటిది, ఆల్ఫా కార్బన్ (గొలుసు వెన్నెముకలో ప్రతి అమైనో ఆమ్లానికీ ఉండే నడిమి కార్బన్) స్థానాలు మాత్రమే దొరికే నిర్మాణాలూ ఉండేవి. ఆ సౌకర్యానికి మూల్యం ఉంది. ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లపు పక్క గొలుసు (వెన్నెముక నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగం) కొస ఆల్ఫా కార్బన్ నుంచి సుమారు 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా సాగుతుంది. అది ఎదుటి గ్లుటామేట్ కొసను తాకుతున్నా, రెండింటి ఆల్ఫా కార్బన్‌ల మధ్య 10 దాటి ఉండొచ్చు. 8 దగ్గర గీత గీసినవాడికి ఆ జత కనబడదు. అన్ని పరమాణువులనూ కొలిచేవాళ్లు 4.5 పెట్టుకోవడం వెనక తర్కం వేరు. కార్బన్ వ్యాసార్థం సుమారు 1.7, రెండు కలిస్తే 3.4. వాటి మధ్యకు 2.8 వ్యాసం ఉన్న నీటి అణువు చొరబడాలంటే కేంద్రాల మధ్య 6.2 కావాలి. 4.5 దగ్గర నీటికి చోటు లేదు కాబట్టి తాకుతున్నాయనడం న్యాయమే.

చుక్కల లెక్కకు పెద్దపీట వేసింది గణాంకాల దారి. 1976లో తనకా, షెరాగా, 1985లో మియజావా, జెర్నిగన్ తెలిసిన నిర్మాణాల్లో ఏ రకం అమైనో ఆమ్లం ఏ రకంతో ఎన్నిసార్లు కలిసి కనబడుతోందో లెక్కబెట్టి, వాటినుంచి జతల శక్తి విలువలు తీశారు. మియజావా, జెర్నిగన్‌ల హద్దు పక్క గొలుసుల కేంద్రాల మధ్య 6.5 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ పట్టిక దశాబ్దాలపాటు నడిచింది. దాన్ని వాడిన చాలామందికి 6.5 ఎక్కడినుంచి వచ్చిందో పట్టలేదు.

రసాయన శాస్త్రం వైపు నుంచి వచ్చినవాళ్లు ఒకే హద్దును ఒప్పుకోలేదు. ఏ బంధానికి తగ్గ కొలత దానికే ఉండాలన్నారు. 1983లో బార్లో, థార్న్‌టన్ వ్యతిరేక విద్యుదావేశాలున్న పక్క గొలుసుల జతలకు 4 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టారు. అదే ఏడాది కబ్ష్, సాండర్ హైడ్రోజన్ బంధాన్ని దూరంతో కాక లెక్కగట్టిన శక్తితో నిర్వచించారు: మోలుకు మైనస్ 0.5 కిలోక్యాలరీల కన్నా తక్కువైతే బంధం ఉన్నట్టు. 1985లో బర్లీ, పెట్స్కో వలయాలున్న పక్క గొలుసులు ఇష్టపడి జత కడతాయని చూపించారు.

మధ్యలో నెట్‌వర్క్ చూపు కూడా వచ్చింది. 1997లో బాహార్, అటిల్గన్, ఎర్మన్ కాంటాక్టులను స్ప్రింగులుగా భావించి ప్రొటీన్ కదలికలను అంచనా వేశారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో సరస్వతి విశ్వేశ్వర బృందం పక్క గొలుసుల గుంపులను గ్రాఫ్ సిద్ధాంతంతో వెతికింది. 1998లో ప్లాక్స్‌కో, సైమన్స్, బేకర్ చెప్పినది ఆశ్చర్యపరిచేంత సరళం: చిన్న ప్రొటీన్లలో తాకే జతలు గొలుసు వెంబడి సగటున ఎంత దూరంగా ఉంటే మడత పడటం అంత నెమ్మది.

ఇదంతా నిర్మాణం చేతిలో ఉన్నప్పటి మాట. అది లేకుండా అమైనో ఆమ్లాల వరసను మాత్రమే చూసి కాంటాక్టులు చెప్పగలమా? 1987లో ఆల్ట్‌షూ, క్లూగ్ తదితరులు పొగాకు మొజాయిక్ వైరస్ తొడుగు ప్రొటీన్‌లో కొన్ని జతలు కలిసి మారడం గమనించారు. 1994లో గోబెల్, సాండర్, ష్నైడర్, వాలెన్సియా ఆ ఆలోచనను పద్ధతిగా మార్చారు. పరిణామంలో ఒకటి మారినప్పుడు దాన్ని తాకే రెండోది కూడా సర్దుకుని మారుతుందన్నది ఊహ. ఫలితాలు మాత్రం అంతంత మాత్రమే, ఎందుకంటే ఒకటి రెండును, రెండు మూడును తాకితే, ఒకటీ మూడూ తాకకపోయినా కలిసి మారినట్టే కనబడతాయి. ఈ పరోక్ష సంబంధాలను వడకట్టే గణితాన్ని భౌతిక శాస్త్రం నుంచి తెచ్చి 2009లో వైగ్ట్ తదితరులు వాడారు. 2011 నుంచి ఆ దారి జోరందుకుంది.

8 ఆంగ్‌స్ట్రామ్‌లు స్థిరపడటానికి కారణం ఎక్కువగా పోటీయే. 1994లో మొదలైన కాస్ప్ అనే నిర్మాణ జోస్యాల పరీక్షలో అంచనాలను తూచడానికి అందరికీ ఒకే కొలత కావాలి. బీటా కార్బన్‌ల (పక్క గొలుసులో మొదటి కార్బన్‌ల) మధ్య 8 అని పెట్టారు, గ్లైసీన్‌కు బీటా కార్బన్ లేదు కాబట్టి దానికి ఆల్ఫా. ప్రకృతి ఇచ్చిన హద్దు కాదది, మార్కులు వెయ్యడానికి పెట్టుకున్నది. 2018 కాస్ప్‌లో డీప్‌మైండ్ సంస్థ కృత్రిమ మేధ ప్రోగ్రాము ఆల్ఫాఫోల్డ్ ఆ అవును-కాదుల గీతను పక్కనపెట్టి ప్రతి జతకూ 2 నుంచి 22 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య దూరం ఎంత ఉండొచ్చో సంభావ్యతలుగా చెప్పింది. దాని రెండో రూపం 2020లో నేరుగా నిర్మాణాన్నే ఇచ్చింది. 2024 రసాయన నోబెల్‌లో సగం అందుకు హసాబిస్, జంపర్‌లకూ, మిగతా సగం ప్రొటీన్ల రూపకల్పనకు బేకర్‌కూ దక్కింది.

జోస్యానికి కాంటాక్ట్ మ్యాపు అవసరం తగ్గింది కానీ, మ్యుటేషన్ ఏం చేస్తుందో, మందు ఎక్కడ అతుక్కుంటుందో వెతికేవాళ్లకు అది ఇప్పటికీ రోజువారీ పనిముట్టు. తగువూ అక్కడే ఉంది. రెండు ప్రొటీన్లు కలిసే చోట్లను అంచనా వేసే కాప్రి పోటీలో ఏ రెండు పరమాణువులైనా 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే కాంటాక్టు, కాబట్టి కాస్ప్‌లో లెక్కకొచ్చిన జత ఇక్కడ రాకపోవచ్చు. దీనికి తోడు స్ఫటికంలో పక్క అణువు నొక్కడం వల్ల వచ్చిన కాంటాక్టులు ద్రావణంలో ఉండకపోవచ్చు, కంప్యూటర్లో కదలికలను చూస్తే ఒకే జత క్షణం కలిసి క్షణం విడిపోతుంటుంది. అలాంటి జతను ఎంత శాతం సమయం కలిసి ఉంటే లెక్కలోకి తీసుకోవాలో ఒక్కో బృందం ఒక్కో రకంగా పెట్టుకుంటోంది. పరమాణువులు ఏవి, దూరం ఎంత, గొలుసులో ఎన్ని స్థానాల లోపు జతలను వదిలేశారు అన్న మూడూ పక్కన రాయని కాంటాక్టుల సంఖ్యను ఇంకో పరిశోధన ఇచ్చిన సంఖ్యతో పోల్చడానికి లేదు.