వరంగల్ ఎండకు ఏ టరంటులా ఆగుతుంది?

మే నెలలో వరంగల్, రామగుండం ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరడం మనకు ఏటా అనుభవమే. టరంటులాను, అంటే ఒళ్లంతా వెంట్రుకలున్న పెద్ద సాలెపురుగును, తొలిసారి పెంచాలనుకునే హన్మకొండ యువకుడికి దొరికే సలహాలు మాత్రం ఎక్కువగా చలిదేశాల వారు రాసినవి. పెట్టెను వెచ్చగా ఎలా ఉంచాలన్నదే వారి బెంగ. మన ఇబ్బంది అందుకు పూర్తిగా తలకిందులు. అందువల్ల ఇక్కడ జాతిని ఎంచుకునేటప్పుడు రంగు, పరిమాణం, ధర తర్వాతి సంగతి; ఆ జీవి తన పుట్టిన చోట ఎండను ఎలా తప్పించుకుంటుందో ముందుగా తెలుసుకోవాలి.

టరంటులాల కుటుంబమైన థెరఫోసిడేలో వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటిలో కొన్ని నేలలో బొరియ తవ్వుకుని ఉంటాయి, కొన్ని చెట్ల తొర్రల్లో, కొమ్మల మధ్య గూడు అల్లుకుంటాయి. మెక్సికో పసిఫిక్ తీరంలోని బ్రాకిపెల్మా హామోరీ మొదటి రకానికి చెందినది. ఎర్రటి మోకాళ్లతో బొమ్మల్లో ఎక్కువగా కనిపించే టరంటులా ఇదే. అది బతికే అడవులు కూడా మన ఏటూరునాగారం అడవిలాగే ఎండాకాలంలో ఆకు రాల్చేవి. నేలపైన మంట పుట్టిస్తున్నా అడుగు లోతున మట్టి చల్లగానే ఉంటుంది కనుక అది అక్కడే పగలంతా గడిపేస్తుంది. ఇలాంటి జీవికి పెట్టెలో అరజానెడైనా లోతున, కొద్దిగా తడిపి అదిమిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), మట్టి కలిపి పరిచి, ఒక పగిలిన కుండ పెంకును వాలుగా గుచ్చిపెడితే మిగిలిన పని అదే చూసుకుంటుంది.

అమెజాన్ ప్రాంతపు అవిక్యులేరియా రెండో రకం, చెట్ల మీద బతుకుతుంది. గులాబి రంగు పాదాలతో ముచ్చటగా ఉంటుంది కాబట్టి కొత్తవారి చూపు దాని మీదే పడుతుంది. దానికి గాలిలో తేమ, ధారాళమైన గాలి రెండూ ఒకేసారి కావాలి. వడగాడ్పుల రోజుల్లో తేమ కోసం పెట్టె మూసి నీళ్లు చిలకరిస్తే లోపల గాలి ఉక్కిరిబిక్కిరి అవుతుంది, తెరిచి ఉంచితే గంటలో ఎండిపోతుంది. దిగిపోవడానికి బొరియ లేని ఈ జీవిని తెలంగాణ ఎండాకాలంలో తొలి ప్రయత్నంగా పెంచవద్దనే నా అభిప్రాయం.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టరంటులా కాళ్లను లోపలికి ముడిచే కండరాలు ఉన్నాయి గాని, ముఖ్యమైన కీళ్లను చాచే కండరాలు లేవు. శరీరంలోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి వాటిని చాస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి, కాళ్లన్నీ మెల్లగా పొట్ట కిందికి ముడుచుకుపోతాయి. ఆ స్థితిలో ఆహారం వేయడం దండగ. వెంటనే దాని నోటికి అందేలా నీటి పళ్లెం పెట్టాలి. ఇందుకు భిన్నంగా వెల్లకిలా పడి కాళ్లు చాచి కదలక ఉంటే అది చావు కాదు, కుబుసం విడుస్తోందన్నమాట. తెలియనివారు అలాంటి దాన్ని చనిపోయిందని బయట పారేస్తారు. కుబుసం విడిచిన కొన్ని రోజుల వరకు దాని కోరలు కూడా మెత్తగానే ఉంటాయి గనుక పెట్టెలో ఇలకోడిని వదిలితే ఆ ఇలకోడే దాన్ని కొరికే ప్రమాదం ఉంది.

ఆహారం గురించి మన ప్రాంతంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి వచ్చే పొలాల్లో పురుగుమందు ఎంత కొడతారో అందరికీ తెలుసు. ఆ గట్ల మీద పట్టిన మిడతలను వేస్తే విషం టరంటులాకు చేరుతుంది. ఇంట్లో తిరిగే బొద్దింకలూ అంతే. పెంపకంలో పెరిగిన ఇలకోళ్లే వాడాలి. దోమల మందు పెట్టే గదిలో పెట్టెను అసలే ఉంచరాదు.

స్వభావం రెండో ప్రశ్న. అమెరికా ఖండాల జాతుల్లో ఎక్కువ వాటికి పొట్ట మీద దూలగొండి నూగులాంటి సన్నని ముళ్ల వెంట్రుకలుంటాయి. బెదిరితే వెనక కాళ్లతో వాటిని రేపుతాయి. చర్మం దురద పెట్టి ఊరుకుంటుంది, కంటికి మాత్రం అపాయం. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పెట్టె అద్దం తుడుస్తున్న వ్యక్తి కంట్లోకి అవి దూసుకుపోయిన ఉదంతం ల్యాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురితమైంది. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ వెంట్రుకలు లేవు. వేగం, ఘాటైన విషం వాటి రక్షణ. టరంటులా కాటుతో మనిషి చనిపోయినట్లు నిర్ధారణ అయిన ఉదాహరణ లేకపోయినా, భారత్, శ్రీలంకల్లో ఉండే పోసిలోథీరియా జాతుల కాటుకు కండరాలు రోజుల తరబడి కొంకర్లు పోతాయి.

ఆ పోసిలోథీరియాలోనే మన తెలుగు నేలకు చెందిన నీలి టరంటులా, పోసిలోథీరియా మెటాలికా ఉంది. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దీన్ని గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా వర్ణించాడు. మళ్లీ 2001లో గాని నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించలేదు. 2008 నాటి అంచనా ప్రకారం వంద చదరపు కిలోమీటర్లకు మించని ఆ అడవే దాని ప్రపంచం. అప్పటి నుంచి అది అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. మనది కదా అన్న మోజుతో దాన్ని పెంచడం అన్ని విధాలా తప్పుడు ఎంపిక.

చట్టం సంగతి కూడా తేలికగా తీసుకోరాదు. బ్రాకిపెల్మా, దాని దగ్గరి బంధువైన ట్లిల్టోకాట్ల్, పోసిలోథీరియా మూడూ సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి జీవులను ఉంచుకునేవారు నమోదు చేయించుకోవాలి. 2021 జూలైలో పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్శిల్‌లో చెన్నై కస్టమ్స్ అధికారులు 107 బతికున్న సాలెపురుగులను పట్టుకున్నారు. కాగితాలు చూపలేని అమ్మకందారు వద్ద కొనకూడదనడానికి ఇది చాలు.

పత్రాలు సక్రమంగా ఉంటే నా ఓటు ట్లిల్టోకాట్ల్ ఆల్బోపైలోసస్‌కు. మధ్య అమెరికాలోని హోండురాస్, నికరాగ్వా, కోస్టారికాలకు చెందిన ఈ గోధుమరంగు, ఉంగరాల వెంట్రుకల జీవి సాధారణంగా నెమ్మదైనది, బొరియ తవ్వుతుంది, వేడినీ కొంత ఓర్చుకుంటుంది. ఆడదైతే ఇరవై ఏళ్లకు దగ్గరగా బతకవచ్చు, మగది చివరి కుబుసం తర్వాత ఎక్కువ కాలం ఉండదు. చవకగా అమ్మే పెద్దవి తరచూ అలాంటి మగవే. పెంపకంలో పుట్టిన చిన్నపిల్లను, అదీ వానలు పడ్డాక జూలై తర్వాతే తెచ్చుకోవడం మేలు. ప్రయాణంలో ఎండ దెబ్బ తగలదు, వచ్చే ఏప్రిల్ నాటికి అది తన బొరియ పూర్తిచేసుకుంటుంది.