సిద్ధబీజం పక్కన స్ఫటికం ఉందా?

పరకాల, నర్సంపేట వైపు ఏ పత్తి రైతునడిగినా ‘బీటీ’ అన్న మాట తెలుసు. అది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా పేరుకు పొట్టి రూపం. 1911లో జర్మనీలోని తురింగియా నుంచి వచ్చిన పిండిపురుగుల్లో జర్మన్ శాస్త్రవేత్త బెర్లినర్ దాన్ని గుర్తించాడు. నిజానికి అది మామూలు మట్టి జీవి. చిక్కల్లా దాన్ని మట్టిలోని దాయాదుల్లోంచి, అంటే మిగతా బాసిల్లస్ రకాల్లోంచి, ఏరడమే.

చేనులో పైపొర గీకేసి, లోపలి మట్టి ఒక గ్రాము తీసి 9 మి.లీ. స్టెరైల్ నీటిలో కలపాలి. 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే మామూలు కణాలు చచ్చి, సిద్ధబీజాలు (వేడిని తట్టుకునే గట్టి స్పోర్లు) మిగులుతాయి. గొట్టంలోని నీరు 80కి చేరాకే లెక్క మొదలుపెట్టాలి, తొట్టిలో పెట్టినప్పటి నుంచి కాదు. తర్వాత వెయ్యో వంతుకు, పదివేలో వంతుకు పలుచన చేసి, 0.1 మి.లీ. చొప్పున పోషక జెల్లీ (న్యూట్రియెంట్ అగార్) పోసిన ప్లేటు‌ మీద పరిచి 30 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచాలి.

ఒక జాగ్రత్త: దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్‌తో) గొర్రెలు, పశువులు చచ్చిన చోటి మట్టి ముట్టకూడదు. ఆ రోగకారి బాసిల్లస్ ఆంత్రాసిస్ కూడా ఈ కుటుంబానిదే, దాని సిద్ధబీజాలూ ఈ వేడికి చావవు.

బాసిల్లస్ మైకాయిడిస్‌ను కంటితోనే పట్టొచ్చు. దాని కాలనీ (ప్లేటు మీద గుంపుగా పెరిగిన మచ్చ) చెట్టు వేళ్లలా, ఒకే వైపు సుడి తిరుగుతూ పాకుతుంది. ప్లేటు తడిగా ఉంటే కదిలే రకాలు కూడా పాకి కన్నుగప్పుతాయి. అందుకే ముందే ఆరబెట్టాలి. బాసిల్లస్ సబ్టిలిస్ కణాలు సన్నం, వెడల్పు 0.8 మైక్రోమీటర్ల లోపే. బాసిల్లస్ సీరియస్ అనే మరో దాయాది, తురింజియెన్సిస్‌ల కణాలు ఒక మైక్రోమీటరు పైనే. కొలిచే కల్చర్ (పెంచిన బాక్టీరియా) 18–24 గంటలదై ఉండాలి. ముదిరితే బాక్టీరియాను గుర్తుపట్టేందుకు వేసే గ్రామ్ రంగు కూడా నిలవదు, ఊదాకు బదులు ఎరుపు కనిపిస్తుంది.

సీరియస్, తురింజియెన్సిస్ మాత్రం కాలనీలోనూ కణంలోనూ అచ్చు ఒకటే: గరుకు గాజులాంటి మసక కాలనీలు, లావు కడ్డీలు. తేడా ఒక్కటే, సిద్ధబీజంతో పాటు తురింజియెన్సిస్ కట్టే ప్రోటీన్ స్ఫటికం. దాన్ని మొదటి రోజు వెతికితే దొరకదు. మూడు రోజులాగి, కణాలు పగిలి సిద్ధబీజాలు బయటపడ్డాక స్లైడ్ మీద పూసి, ప్రోటీన్‌కు పట్టే కూమాసీ బ్లూ రంగు వేసి, 100 రెట్ల ఆయిల్ లెన్స్ కింద చూడాలి. స్ఫటికాలు ముదురు నీలంగా, సిద్ధబీజాలు లేత రంగులో కనిపిస్తాయి. రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టున్న స్ఫటికమైతే గొంగళిపురుగుల మీద పనిచేసే రకమని ఆశపడొచ్చు.

ఆ స్ఫటికం జన్యువు సాధారణంగా ప్లాస్మిడ్ (క్రోమోజోముకు బయట విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క) మీద ఉంటుంది. కల్చర్‌ను పదేపదే మార్చిపెడితే ప్లాస్మిడ్ జారిపోవచ్చు. అప్పుడు నిన్నటి తురింజియెన్సిస్ ఇవాళ సీరియస్‌గానే కనిపిస్తుంది. అందుకే స్ఫటికం కనిపించిన రోజే ఆ కల్చర్‌ను గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచాలి.