"బ్యాంకే కోసేసింది కదా సార్!": వడ్డీ, షేర్ల ఆదాయంపై పన్ను, అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే తిరుపతి బాలాజీ కాలనీలోని మా ఆఫీసుకు జీతగాళ్ళు, పెన్షనర్లు వరస కడతారు. యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళు, దేవస్థానంలో రిటైరైనవాళ్ళు, చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే టీచర్లు. జీతం లెక్క వాళ్ళకు కొట్టినపిండి. తడబడేదల్లా వడ్డీలు, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల దగ్గరే. అక్కడ పోగొట్టుకుంటున్న డబ్బు చూసి బాధేసి ఇది రాస్తున్నాను. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానంలో వేసినవి.

అపోహ: "ఎఫ్‌డీ వడ్డీలో బ్యాంకువాళ్ళే 10 శాతం కోసేసినారు, ఇంక మనం కట్టేదేముంది?"

వాస్తవం: కోసింది ముందస్తుగా పట్టుకున్న మొత్తం మాత్రమే. ఎఫ్‌డీ వడ్డీకంటూ ప్రత్యేక రేటు లేదు. అది జీతం పైన చేరుతుంది. జీతం ఏ స్లాబులో (ఆదాయం పెరిగే కొద్దీ రేటు పెరిగే మెట్టులో) ఆగిందో అక్కడి నుంచే వడ్డీ మీద పన్ను మొదలవుతుంది.

ఒక లెక్చరర్‌ను తీసుకుందాం. జీతం రూ. 15,75,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 15 లక్షలు. దాని మీద పన్ను 1,05,000. ఎఫ్‌డీల మీద 2 లక్షల వడ్డీ వచ్చింది. అందులో మొదటి లక్ష 15 శాతంలో, రెండో లక్ష 16 లక్షలు దాటి 20 శాతంలో పడింది. వడ్డీ వల్ల పెరిగిన పన్ను 35,000, పన్ను మీద అదనంగా పడే 4 శాతం సెస్సుతో 36,400. బ్యాంకు కోసింది 20,000. మిగతా 16,400 ఆయనే కట్టాలి. ఈ బాకీ 10,000 దాటింది కాబట్టి మార్చి 15లోపు అడ్వాన్స్ ట్యాక్సుగా, అంటే ఏడాది ముగియకముందే కట్టే పన్నుగా, కట్టి ఉండాల్సింది. లేదంటే దాని మీదా వడ్డీ పడుతుంది. ఆఫీసులో జీతాల బిల్లు చేసే అధికారికి (డీడీవో) ఈ వడ్డీ ఆదాయం ముందే రాసిస్తే జీతంలోనే సర్దేస్తారు. చాలామంది "జీతం సంగతి వాళ్ళకు, వడ్డీ సంగతి మనకు" అనుకుని చెప్పరు. 60 నిండి, వ్యాపారం లేనివాళ్ళకు అడ్వాన్స్ ట్యాక్సు బాధ్యత లేదు.

దీనికి కవల అపోహ ఇంకొకటి: "టీడీఎస్ కట్ కాలేదు, కాబట్టి పన్ను లేదు." బ్యాంకు ముందే కోసి పట్టుకునే పన్నే టీడీఎస్. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే, 60 నిండినవాళ్ళకైతే లక్ష దాటితేనే కోస్తారు. అందుకని డబ్బును నాలుగు బ్యాంకుల్లో పంచి పెడతారు. కానీ బ్యాంకులన్నీ పంపిన వడ్డీ వివరాలు మీ పాన్ కింద ఏఐఎస్‌లో (ఆదాయపన్ను శాఖ వెబ్‌సైట్లో ఉండే మీ ఏడాది ఆదాయ వివరాల పట్టికలో) ఒకేచోట కనిపిస్తాయి. రిటర్న్ వేసే ముందు దాన్ని ఒకసారి తెరిచి చూడండి.

అపోహ: "12 లక్షల దాకా పన్నే లేదంట కదా, ఫండ్లు అమ్మితే ఏమి?"

వాస్తవం: ఈ ఏడాది నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ మాటే. 12 లక్షల లోపు వాళ్ళకిచ్చే రిబేటు (పన్ను మాఫీ) మామూలు స్లాబు పన్నుకే. షేర్లు, ఈక్విటీ ఫండ్లు అమ్మిన లాభం మీద పడే ప్రత్యేక రేటు పన్నుకు అది వర్తించదు.

రిటైరైన ఒకరికి డిడక్షన్ పోగా పెన్షన్ 6 లక్షలు. కూతురి పెళ్ళికని పాత ఈక్విటీ ఫండ్లు అమ్మితే దీర్ఘకాలిక లాభం (కొని ఏడాది దాటాక అమ్మితే వచ్చేది) 4,25,000. మొత్తం 10,25,000, అంటే 12 లక్షల లోపే. పెన్షన్ మీద పన్ను రిబేటుతో పోయింది. లాభంలో మాత్రం 1,25,000 వదిలేసి, మిగతా 3 లక్షల మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి రూ. 39,000. అదే సగం మార్చిలో, సగం ఏప్రిల్లో అమ్మి ఉంటే 1,25,000 మినహాయింపు రెండేళ్ళలో రెండుసార్లు దక్కి, మొత్తం 22,750తో పోయేది. పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నాక ఒక్కసారి మమ్మల్ని అడిగి ఉంటే బాగుండేదే అనిపించింది. ఏడాది లోపు అమ్మితే రేటు 20 శాతం. సిప్‌లో ప్రతి నెలా కొన్న యూనిట్లకు ఆ ఏడాది విడివిడిగా లెక్కపెట్టాలి.

అపోహ: "మా ఆవిడ పేరున వేస్తే పన్ను ఉండదు."

మీ డబ్బు ఆవిడకిచ్చి వేయించిన ఎఫ్‌డీ వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది. పుట్టింటివాళ్ళిచ్చినదో, ఆవిడ సంపాదించినదో అయితే ఆ వడ్డీ ఆవిడదే.

షేర్లున్నవాళ్ళకు కంపెనీ పంచే డివిడెండ్ సంగతి: 2020 మార్చి దాకా కంపెనీయే పన్ను కట్టేది. ఆ తర్వాత నుంచి అది మీ ఆదాయమే, మీ స్లాబు రేటే. పీపీఎఫ్, సుకన్య సమృద్ధి వడ్డీకి మాత్రం పన్ను లేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం వడ్డీకి ఉంది. రెండూ ఒకటే అనుకోవద్దు.

అపోహ: "పన్ను లేనివాళ్ళకు రిటర్న్ ఎందుకు?"

భర్త పోయాక వచ్చిన డబ్బంతా ఒకే బ్యాంకులో వేసుకుని, వడ్డీతో బతికే పెద్దావిడను అనుకోండి. ఏడాదికి 3 లక్షల వడ్డీ. వేరే ఆదాయం లేదు, కట్టాల్సిన పన్ను సున్నా. ఏప్రిల్లో "నాకు పన్ను పడదు" అని రాసిచ్చే ఫారం (2025-26లో 15హెచ్) ఇవ్వలేదని బ్యాంకు 30,000 పట్టుకుంటుంది. ఆ డబ్బు దానంతటది వెనక్కి రాదు. రిటర్న్ వేస్తేనే వస్తుంది. గడువు జూలై 31. అది దాటినా డిసెంబరు 31 దాకా వేయొచ్చు. మీ వీధిలో అలాంటి అమ్మ ఎవరైనా ఉంటే పాన్ కార్డు, పాసుబుక్కు తీసుకుని దగ్గర్లోని కన్సల్టెంటు దగ్గరకు తోడు వెళ్ళండి.