డిబేట్ కాగితంలో ఖండనకు గడి ఎందుకు లేదు?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కాలేజీ పిల్లల డిబేట్ పోటీ అంటే తరచూ కనిపించే దృశ్యం ఒకటే. అనుకూలంగా ఒకరు, ప్రతికూలంగా ఒకరు మైకు ముందుకొస్తారు. ఇద్దరి చేతిలోనూ సార్లు ముందే రాసిచ్చిన కాగితం. "సభకు నమస్కారం" దగ్గర మొదలుపెట్టి చివరి కొటేషన్ దాకా అప్పజెప్పి దిగిపోతారు. మొదటివాళ్లు ఏం చెప్పారో రెండోవాళ్లు వినక్కర్లేదు, విన్నా దానికి మార్కు రాదు. జడ్జీల కాగితంలో ఉచ్చారణ, హావభావాలు, విషయ పరిజ్ఞానం, సమయపాలన అని గళ్లుంటాయి. ఎదుటివాళ్ల వాదనకు జవాబిచ్చే ఖండనకు గడి ఉండదు. గడి లేనిదాన్ని ఎవరూ నేర్పరు. అందుకే మన డిబేట్ ఒకే వేదిక మీద రెండు వక్తృత్వ పోటీలుగా మిగిలింది.

అలాగని ఖండన ఈ నేలకు కొత్త విద్యేం కాదు. గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అన్నది పండితుల వల్లనే. ఆ పండితులు చదువుకున్న న్యాయశాస్త్రం, అంటే తర్కశాస్త్రం, చర్చను మూడుగా విడదీసింది: నిజం తేల్చుకోవడానికి వాదం, గెలుపు కోసమే జల్పం, ఆపైన వితండం. ఎదుటివాడి మాట కొట్టేయడమే తప్ప తన పక్షమంటూ ఏదీ నిలబెట్టనిది వితండం. ఇప్పుడు మనం మొండివాదన అనే అర్థంలో వాడుతున్నాం గాని, అసలు అర్థం అది. ఓటమి లెక్కలకూ 22 నిగ్రహస్థానాలున్నాయి, అంటే వాది ఓడినట్టు తేల్చే సందర్భాలు. నిరూపిస్తానన్న మాటను (ప్రతిజ్ఞను) మధ్యలో మార్చేస్తే ప్రతిజ్ఞాంతరం, చెప్పిందే చెబితే పునరుక్తం. అన్నిటికన్నా మనకు పనికొచ్చేది అననుభాషణం: సభకు అర్థమయ్యేలా మూడుసార్లు చెప్పిన మాటను కూడా ఎదుటివాడు తిరిగి చెప్పి జవాబివ్వలేకపోతే, అక్కడికక్కడే ఓడినట్టు. అంటే వినకపోవడమే ఓటమి. కానీ ఆ విద్య సంస్కృతంలో, కొద్దిమంది మధ్యనే ఉండిపోయింది. బడిలోకి దిగలేదు.

బడిలోకి దిగింది ఉపన్యాసం. దానికి కారణం నిజాం కాలపు సభల్లో వెతకాలి. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘసంస్కార సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాత 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, 1936లో షాద్‌నగర్‌లో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభలు జరిగాయి. గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద సభ పెట్టాలంటేనే అనుమతి కావాలి. అలాంటి రోజుల్లో జనం ముందు నిలబడి తెలుగులో గట్టిగా మాట్లాడటమే గెలుపు. వక్తను గొంతుతో, ధాటితో కొలిచారు, సబబే. ఆ కొలబద్దనే ఇవాళ్టి పోటీ కాగితంలోకీ తెచ్చుకున్నామని మా అంచనా.

జట్టు డిబేట్ వేరే దారిన వచ్చింది. ఇంగ్లండులో విద్యార్థుల చర్చా సంఘాలు కేంబ్రిడ్జ్ యూనియన్ 1815లో, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823లో మొదలయ్యాయి. బ్రిటిష్ పార్లమెంటు పద్ధతిలో ఒక తీర్మానం, రెండు పక్షాలు, మధ్యలో లేచి ప్రశ్న వేసే హక్కు. ప్రపంచ విశ్వవిద్యాలయాల పోటీ 1981లో గ్లాస్గోలో మొదలై, 2014లో చెన్నైదాకా వచ్చింది. బడి పిల్లల ప్రపంచ పోటీ 1988లో ఆస్ట్రేలియాలో పుట్టింది. మన దగ్గర 1966లోనే యూత్ పార్లమెంట్ పథకం వచ్చింది గాని, అది సభ నడిపే తీరు నేర్పుతుంది. ప్రశ్నా జవాబూ రెండూ ముందే రాసుకుని రిహార్సల్ చేసేవే.

మన బడులకు సరిపోయేది స్కూళ్ల ప్రపంచ పోటీ పద్ధతి. పక్షానికి ముగ్గురు, ఒక్కొక్కరికి 8 నిమిషాలు. అనుకూలం, ప్రతికూలం ఒకరి తర్వాత ఒకరు. ఆరు ప్రసంగాలయ్యాక పక్షానికో ముగింపు జవాబు, 4 నిమిషాలు. దాన్ని మొదటి లేదా రెండో వక్తే ఇవ్వాలి. ముందు ప్రతికూలం, ఆఖరున అనుకూలం. ప్రసంగం మొదటి నిమిషం, చివరి నిమిషం తప్ప మధ్యలో ఎప్పుడైనా ఎదుటిపక్షం లేచి ప్రశ్న అడగొచ్చు, తీసుకోవడం వక్త ఇష్టం. అయినా ఒకటో రెండో తీసుకోవడం మంచిది. ఒక్కటీ తీసుకోకపోతే భయపడ్డట్టే, వచ్చిందల్లా తీసుకుంటే సొంత మాటకు టైం మిగలదు. ప్రసంగానికి 100 మార్కులు: విషయానికి 40, శైలికి 40, వ్యూహానికి 20. ఖండన బలం విషయంలో, ఎదుటివాళ్ల ఏ మాటకు ఎంతసేపు ఇచ్చారన్నది వ్యూహంలో లెక్కకొస్తాయి.

ఒక తీర్మానం తీసుకుందాం: "వ్యవసాయ బోర్లకు ఉచిత కరెంటు గంటలకు పరిమితి ఉండాలి". 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది గనక పిల్లలందరికీ తెలిసిన సంగతే. అనుకూలం మొదటి వక్త అంటాడు: "ఖర్చు లేదు గనక మోటరు ఆపాలన్న తొందర లేదు. కరెంటు రాగానే మోటరును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తారు. నీళ్లు కిందికి పోతే ముందు ఎండేది తక్కువ లోతు బోరు, అంటే చిన్న రైతుది." దీనికి మన పోటీల్లో వచ్చే జవాబు "రైతే రాజు, అన్నదాత కరెంటు కోస్తారా?" చప్పట్లు మోగుతాయి, వాదన మాత్రం చెక్కుచెదరదు. అసలు ఖండన ఇలా ఉంటుంది: "ఆటో స్టార్టర్ వాడకం పెరిగిందే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో. గంటలు కోస్తే ఆ భయం మళ్లీ వస్తుంది, అందరూ ఒకేసారి మోటర్లు వేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది." ఇక్కడితో ఆగితే వితండమే. "వరి తగ్గించి, బత్తాయి తోటలకు డ్రిప్ పెట్టించడం ఇంతకన్నా మంచి దారి" అని సొంత పక్షం నిలబెట్టాలి.

జట్లు చెడేది ఎక్కువగా రెండో, మూడో వక్తల దగ్గర. వాదనలను మొదటి ఇద్దరూ ముందే పంచుకోవాలి, లేకపోతే రెండోవాళ్లు చెప్పిందే చెబుతారు. మూడో వక్త టైం మూడొంతులు ఖండనకే పోవాలి. ప్రతికూలం మూడో వక్త దాచుకున్న కొత్త పాయింటు అప్పుడు బయటపెడితే జడ్జి లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఎదుటివాళ్లకు ప్రసంగంలో జవాబిచ్చే అవకాశమే మిగల్లేదు. ఇక జడ్జి సొంత అభిప్రాయాన్ని బట్టి తీర్పిస్తే పోటీ ఎందుకు పెట్టినట్టు?

ఇంగ్లిష్ రాకపోతే ఎలా అనేది అచ్చంపేట, దేవరకొండ వైపు ఎక్కువగా వినిపించే బెంగ. ఈ పద్ధతి వచ్చింది ఇంగ్లిష్‌లోనే గాని, పైన చెప్పిన మార్కుల్లో భాషకంటూ విడిగా ఏదీ లేదు. తెలుగులో నడిపితే ఒక్క నియమమూ మారదు.

అసలు అడ్డంకి టైం. పూర్తి పోటీకి ప్రసంగాలకే 56 నిమిషాలు, పీరియడ్‌లో పట్టదు. ప్రసంగం 5, జవాబు రెండున్నర నిమిషాలకు కుదిస్తే 35లో అయిపోతుంది. జడ్జి ఒక కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని ఆరు నిలువు గళ్లు గీసుకుంటే చాలు. ఒక్కో వక్తకు ఒక్కో గడి. వాదనను అది వచ్చిన గడిలో రాయాలి, దానికి జవాబు వచ్చినప్పుడు ఆ గడిదాకా బాణం గీయాలి. ఆఖరున బాణం తగలని వాదనలు ఏ పక్షానివి ఎన్ని, అవెంత బరువైనవి అని చూసుకుని తీర్పు రాసేయొచ్చు.