పురి ఎటు తిరిగింది?

సూర్యుడి మీద విస్ఫోటం జరిగిన సంగతి ఎనిమిది నిమిషాల్లోనే తెలిసిపోతున్నప్పుడు, దాని వెనుక వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపే అయస్కాంత తుఫాను ఎంత తీవ్రంగా ఉంటుందో రెండు రోజుల ముందే ఎందుకు చెప్పలేకపోతున్నారని ఒక పాఠకుడు అడిగారు. ఈ శాస్త్రం ఇంకా దాటలేని గడప సరిగ్గా అదే.

కరోనాగ్రాఫ్ అనే పరికరం సూర్యబింబాన్ని చిన్న పళ్లెంతో కప్పేసి, చుట్టూ ఉన్న కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని చూపుతుంది. వందల కోట్ల టన్నుల ప్లాస్మా (విద్యుదావేశం గల వాయువు) బయటికి ఎగసినప్పుడు, అంటే విక్షేపం జరిగినప్పుడు, అందులోని ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన కాంతి మనకు తెల్లని మబ్బులా కనిపిస్తుంది. దాన్నిబట్టి వేగం, దిశ, ద్రవ్యరాశి అంచనా కట్టవచ్చు. అయస్కాంత క్షేత్రం మాత్రం ఆ కాంతిలో కనిపించదు.

అసలు కథంతా ఆ క్షేత్రంలోనే ఉంది. పగటి వైపు భూమి బలరేఖలు ఉత్తరానికి చూస్తుంటాయి. వచ్చే క్షేత్రమూ ఉత్తరానికే చూస్తే తలుపుకు గడియ పడినట్టే. గాలి ఎంత విసురుగా కొట్టినా తలుపు అదురుతుందే తప్ప పెద్దగా తెరుచుకోదు. అది దక్షిణానికి తిరిగితే, ఎదురెదురు రేఖలు తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. గడియ తీసినట్టు శక్తి లోపలికి ప్రవహిస్తుంది. 1961లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ డంజీ చెప్పింది ఇదే. ఇనుప రజను చల్లి బలరేఖలు చూపించే పాఠం ఈ తెగి అతుక్కోవడం దాకా సాగకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది.

అంతటితో అయిపోలేదు. ఎగసివచ్చే క్షేత్రం తరచుగా పేనిన తాడులా ఉంటుంది. దాని పురిని బట్టి ఒకే తుఫానులో మొదటి కొన్ని గంటలు గడియ పడి ఉండి, తాడు రెండో సగం రాగానే తెరుచుకోవచ్చు. ముందుగా దక్షిణ భాగం తగిలితే ఇది తారుమారవుతుంది.

1972 ఆగస్టు 4న ఒక విక్షేపం 14.6 గంటల్లోనే భూమిని చేరింది. 1859లో భారీ తుఫాను తెచ్చిన కారింగ్టన్ విక్షేపానికి సైతం 17.6 గంటలు పట్టింది. 1972లో క్షేత్రం ఎక్కువగా ఉత్తరానికి ఉండటంతో, భూమధ్యరేఖకు చేరువలోని కేంద్రాల్లో భూ క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే డీఎస్‌టీ సూచి మైనస్ 125 నానోటెస్లాల దగ్గరే ఆగింది. నష్టం జరగలేదని కాదు. ఆ తాకిడికే ఉత్తర వియత్నాం తీరంలో అయస్కాంత మార్పుకు స్పందించే సముద్రపు మైన్లు పేలాయి. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌ను తొమ్మిది గంటలు చీకటిలో ముంచిన తుఫానులోనైతే అదే సూచి మైనస్ 589కి దిగింది. వేగాన్ని మాత్రమే చూసి ప్రళయం వస్తోందని భయపెట్టేవారు, గ్రహకూటములతో ముడిపెట్టేవారు 1972ను ఒకసారి పరిశీలించాలి.

క్షేత్రాన్ని నేరుగా కొలిచే అంతరిక్ష నౌకలు భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్-1 అనే బిందువు దగ్గర ఉన్నాయి. 2024 జనవరి నుంచి మన ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే తిరుగుతోంది. సూర్యుడి నుంచి వీచే ప్లాస్మా గాలి సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వస్తే అక్కడి నుంచి మనకు దక్కేది 50 నిమిషాలు. 800 అయితే అరగంట. తెర మీద క్షేత్రపు ఉత్తర-దక్షిణ దిశను చూపే బీజెడ్ అనే గీత (సున్నాకు కిందికి వెళితే దక్షిణం) సున్నా దగ్గర ఊగిసలాడుతూ, ఉన్నట్టుండి కిందికి జారి అక్కడే నిలిచిపోతే, తుఫాను ఖాయమైనట్టే. 2024 మే 10న, తుఫాను తీవ్రతను ఐదు మెట్లుగా చెప్పే కొలమానంలో జీ-4 స్థాయికి ముందస్తు హెచ్చరిక ఇచ్చినా, తుఫాను జీ-5 దాకా వెళ్లింది.

సూర్యుడి ఉత్తరార్ధగోళంలో పుట్టే తాళ్లు ఎక్కువగా ఎడమ పురితోనూ, దక్షిణార్ధగోళంలోవి కుడి పురితోనూ ఉంటాయని తెలుసు కనుక, పుట్టినచోటును బట్టి దిశను ఊహించే ప్రయత్నాలు సాగుతున్నాయి. అయితే దారిలో ఆ తాడు మొత్తంగా పక్కకు ఒరిగినా, మరో విక్షేపాన్ని ఢీకొన్నా లెక్క మారిపోతుంది. ఆ మార్పు ఎల్-1 దగ్గరి నౌకను తాకేదాకా బయటపడదు.