రంజాన్ చివరి రాత్రుల్లో మఅమూల్

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. "రంజాన్ అంటే హలీమేనా అమ్మమ్మా?" అని మొన్న ఫోనులో అడిగారు. హైదరాబాదులో పెరుగుతున్న మీకు అలా అనిపించడం సహజమే. సిరియా, లెబనాన్, జోర్డాన్, పాలస్తీనా ఇళ్లలో మాత్రం పండుగ వంట తీరే వేరు. మీ తాతయ్య ఉద్యోగరీత్యా అమ్మాన్‌లో ఉన్నప్పుడు పక్కింటి వంటగదిలో చూసినవి చెబుతాను.

అక్కడ ఉపవాసం విడిచేది ఖర్జూరంతోనూ నీళ్లతోనూ. తర్వాత జీలకర్ర వేసి, నిమ్మకాయ పిండిన ఎర్రపప్పు సూపు. తాగడానికి ఖమర్ అల్‌దీన్. అంటే ఖుబానీ పండ్ల తాండ్రను నీళ్లలో నానబెట్టి కరిగించిన పానీయం. ఆ నెలలో వీధుల్లో ఖతాయెఫ్ అమ్ముతారు. ఈ చిన్న అట్లను పెనం మీద ఒకవైపే కాలుస్తారు. పచ్చిగా ఉన్న పైభాగం మీద అక్రోటు పప్పో తీపి జున్నో పెట్టి మడిచి నొక్కితే అంచులు అతుక్కుంటాయి. వాటిని నూనెలో వేయించి పాకంలో ముంచుతారు.

అసలు సందడి నెల చివర్లో. ఈద్ దగ్గర పడిందంటే మఅమూల్ అనే పూర్ణం బిళ్లలు చేయాల్సిందే. బొంబాయి రవ్వలో కరిగించిన నెయ్యి పోసి, అరచేతులతో బాగా రుద్ది, మూత పెట్టి రాత్రంతా ఉంచుతారు. ఈ పనిలో తొందర పనికిరాదు. రవ్వలో ప్రతి పలుకూ నెయ్యి పీల్చుకుంటేనే బిళ్ల నోట్లో వేసుకోగానే విడిపోతుంది. మర్నాడు గులాబీ నీళ్లు, నారింజ పూల నీళ్లు చిలకరించి కలుపుతారు. మహ్లబ్ పొడి కూడా వేస్తారు. అది ఒక రకం అడవి చెర్రీ గింజ లోపలి పప్పు. కొంచెం చేదు, మంచి వాసన.

పిండిలో చక్కెర దాదాపు వేయరు. తీపంతా లోపలి పూర్ణానిదే. ఖర్జూరం ముద్ద పెట్టినవి గుండ్రంగా, బల్లపరుపుగా ఉంటాయి. అక్రోటువి గోపురంలా, పిస్తావి కోలగా ఉంటాయి. కొరకకుండానే లోపల ఏముందో తెలిసిపోతుంది! ఇంటింటికీ కాస్త తేడా ఉన్నా ఎక్కువ చోట్ల ఇదే లెక్క. చెక్క అచ్చులో నొక్కి, బల్ల అంచున ఒక్క దెబ్బ కొడితే బిళ్ల ఊడి చేతిలో పడుతుంది. మనింట్లో కజ్జికాయల రోజున అందరూ చుట్టూ చేరినట్లే అక్కడ పిన్నులు, అత్తలు, పిల్లలు అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. ఓవెన్‌లో కాల్చేటప్పుడు ఎర్రబడనివ్వరు, అడుగున కాస్త రంగు వస్తే చాలు. చల్లారాక పప్పులు కూరినవాటి మీదే చక్కెర పొడి చల్లుతారు.

ఈద్ నమాజుకు ముందే ఇంట్లో తలకు ఇంత చొప్పున, పసిపిల్లల పేరున కూడా, పేదలకు ఫిత్రా అనే దానం ఇచ్చేస్తారు. పండుగనాడు ఎవరూ పస్తుండకూడదని ఈ ఏర్పాటు. మన ఊళ్లలోని ముస్లిం కుటుంబాలూ ఇది పాటిస్తాయి. నాకు ఈ పండుగలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

బక్రీద్‌కు జోర్డాన్‌లో మన్సఫ్ అనే మాంసం వంటకం వండుతారు. గొర్రె పాల పెరుగును ఉప్పు వేసి, రాయిలా ఎండబెట్టిన ఉండలను జమీద్ అంటారు. కరక్ ఊరి జమీద్‌కు మంచి పేరు. దాన్ని నానబెట్టి, కరిగించి, ఆ పులుసులో మాంసం ఉడికిస్తారు. పెద్ద పళ్లెంలో పలచని రొట్టె, దాని మీద అన్నం, మాంసం, వేయించిన బాదం. అందరూ చుట్టూ నిలబడి కుడిచేత్తో ముద్దలు చేసుకుని తింటారు. 2022లో యునెస్కో దీన్ని వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

అన్నట్టు, అక్కడి క్రైస్తవులు ఈస్టర్‌కు చేసుకునేదీ ఈ మఅమూలే. ఆ పండుగకు వాళ్ల పళ్లెం ముస్లింల ఇంటికి వస్తుంది, ఈద్‌కు ముస్లింల పళ్లెం వాళ్లింటికి వెళుతుంది.

సెలవుల్లో వచ్చినప్పుడు మనమూ చేద్దాం. అచ్చు దొరక్కపోయినా ఫరవాలేదు, చిన్న పట్టకారుతో పైన గాట్లు పెట్టేవాళ్లూ అక్కడ ఉన్నారు. రవ్వ, నెయ్యి నేను చూసుకుంటాను. ఖర్జూరాల గింజలు తీసే పని మీది.

మీ అమ్మమ్మ