టైటిల్ క్లీన్ అంటే బండి క్లీన్ అని కాదు

డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కార్లు కొనబోయేవాళ్లకు ముందుగా బండి చూసిపెట్టడం నా పని. ఆగస్టు వచ్చిందంటే చదువుకోడానికి కొత్తగా దిగిన మన పిల్లల ఫోన్లే ఎక్కువ. "టైటిల్ క్లీన్ అన్నా, ఫొటో కూడా పెట్టాడు" అంటారు. టైటిల్ అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం.

అపోహ: టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి అనే) ముద్ర లేకపోతే ఆ బండికి పెద్ద దెబ్బ తగలనట్టే.

వాస్తవం: టైటిల్ ఇచ్చేది రాష్ట్రం. ఫ్లోరిడాలో రిపేరు ఖర్చు బండి విలువలో 80 శాతానికి చేరితే సాల్వేజ్ లెక్క. టెక్సస్‌లో విలువను దాటాలి. ఈ తేడాలను వాడుకుని బండిని రాష్ట్రాలు తిప్పి ముద్ర మాయం చేస్తారు. టైటిల్ వాషింగ్ అనేది దీన్నే. అది నేరం.

1992 నాటి యాంటీ కార్ థెఫ్ట్ చట్టంతో పుట్టిన జాతీయ టైటిల్ రికార్డు ఒకటుంది, పేరు ఎన్ఎమ్‌విటిఐఎస్. అందులో ఒకసారి ఎక్కిన ముద్ర చెరగదు. ఇన్సూరెన్స్ కంపెనీలు, జంక్ యార్డులు 2009 నుంచి నెలనెలా దానికి వివరాలు పంపాల్సిందే. కాలిఫోర్నియాలో డీలరు ఆ రిపోర్టు చూడకుండా బండి అమ్మకానికి పెట్టకూడదు. సాల్వేజ్ అని తేలితే ఎర్ర స్టిక్కరు అంటించాలి. 2012 జులై నుంచి ఇదే రూలు. మిగతాచోట్ల విన్ నంబరుతో, అంటే బండి గుర్తింపు నంబరుతో, రిపోర్టు మనమే తీసుకోవాలి. ఖర్చు కొద్ది డాలర్లే.

అయినా ఓనరు క్లెయిమ్ పెట్టకుండా సొంతంగా బాగుచేయించుకుంటే ఏ రిపోర్టులోనూ రాదు. అందుకే నేను సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తాను. ఒక సెడాన్‌లో పైకి కనిపించే బెల్టంతా తళతళలాడుతోంది. లోపల చుట్టుకుని ఉన్న చివరి జానెడు మీద మాత్రం గోధుమరంగు బురద గీత. స్టెప్నీ గుంటలోనూ సన్నటి ఒండ్రు. వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీతే చెప్పింది. దాన్ని కొనబోయిన తమ్ముడు అడ్వాన్సు ఇవ్వకముందే ఆగిపోయాడు.

అపోహ: రీబిల్ట్ టైటిల్ (సాల్వేజ్ బండిని బాగుచేశాక ఇచ్చేది) వచ్చిందంటే గవర్నమెంటు చెక్ చేసి భద్రమే అన్నట్టు.

వాస్తవం: న్యూయార్క్‌లో చేసే ఆ తనిఖీ దొంగ బండో, దొంగ పార్టులో పట్టుకోడానికే. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందని అది హామీ కాదు. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగనే లేదంటే అనుమానించాల్సిందే.

అపోహ: "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టే కొంటున్నాననే) కాగితం మీద సంతకం పెట్టాక ఇక దిక్కులేదు.

వాస్తవం: మోసం చేసి, దాచిపెట్టి తీసుకున్న "యాజ్ ఈజ్" సంతకం అమ్మినవాణ్ని కాపాడదని టెక్సస్ సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అది భవనం అమ్మకం కేసు, కానీ సూత్రం కారుకూ వర్తిస్తుంది. చిక్కల్లా రుజువు దగ్గరే. మాట్లాడుకున్నదంతా ఫోన్లోనే అయితే కోర్టులో చూపించడానికి ఏముంటుంది? "ఈ బండి ఎప్పుడైనా సాల్వేజ్ గానీ, రీబిల్ట్ గానీ అయిందా?" అని మెసేజ్ పెట్టండి, జవాబు కూడా మెసేజ్‌లోనే ఇమ్మనండి. వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకున్నాకే డబ్బు ఇవ్వండి.